నొప్పి తగ్గిన తరువాత కూడా పెరిటోనైటిస్ ముదురుతుందా? లక్షణాల గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న: కోనసీమవాసి

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి అరవై దాటాయి, మధుమేహం ఉంది. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో కొన్న మాత్రలు చాలాకాలంగా వాడుతున్నారు. గత నెలలో ఒక సాయంత్రం ఆమెకు పొట్ట పైభాగంలో ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్లు నొప్పి వచ్చి, కుడి భుజం దాకా పాకింది. కొన్ని గంటలు గడిచాక నొప్పి చాలావరకు తగ్గడంతో ఇంట్లో పెద్దవాళ్ళు గ్యాస్ అయి ఉంటుందని వాము నీళ్ళు పట్టి పడుకోబెట్టారు. అయితే ఆమె పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఇష్టపడకుండా కాళ్ళు ముడుచుకొని పడుకోవడం, పొట్ట మీద చెయ్యి వెయ్యనివ్వకపోవడం చూసి మా అన్నయ్య ఊరుకోలేదు. 108కి ఫోన్ చేసి ఆ రాత్రే పట్టణంలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. చిన్నపేగు మొదటి భాగంలో పుండు పడి చిల్లు పడిందని, పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొరకు వచ్చే వాపు) మొదలైందని చెప్పి వెంటనే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఇంటికి వచ్చి కోలుకుంటున్నారు.

నాకు అర్థం కానివి రెండు ఉన్నాయి. లోపల చిల్లు అలాగే ఉన్నప్పుడు మధ్యలో నొప్పి ఎందుకు తగ్గింది? రెండవది, మా బాబాయికి లివర్ సిర్రోసిస్ వల్ల పొట్టలో నీరు చేరుతుంది. ఆయన్ని కిందటి ఏడాది ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ఇదే జబ్బు పేరు చెప్పారు. కానీ ఆయనకు చెప్పుకోదగ్గ నొప్పే లేదు, మాట మాత్రం తడబడింది, ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్లతోనే తగ్గింది. ఇవి రెండూ ఒకే జబ్బా?

జవాబు: శస్త్రవైద్యుడు, కర్నూలు

అమ్మగారు కోలుకుంటున్నందుకు సంతోషమండి. మీ అన్నయ్య నొప్పి ఎంత ఉందని అడిగి ఊరుకోకుండా మనిషి ఎలా పడుకున్నదో గమనించారు. వైద్య విద్యార్థులకు మేము మొదట నేర్పేది అదే.

పొట్ట లోపలి గోడకూ, పేగులు, కాలేయం వంటి అవయవాల పైభాగానికీ పరుచుకొని ఉండే పలుచని పొరను పెరిటోనియం అంటారు. మొత్తం విప్పి పరిస్తే దాని వైశాల్యం దాదాపు మన ఒంటి చర్మమంత ఉంటుంది. అవయవాలను కప్పిన పొరకు, గోడకు అంటిన పొరకు వెళ్ళే నరాలు వేరు. అందుకే అపెండిక్స్ వాచినప్పుడు మొదట బొడ్డు చుట్టూ ఎక్కడో చెప్పలేని నొప్పి వస్తుంది. వాపు గోడకు అంటిన పొరను తాకిన తరువాతే అది కుడివైపు కిందికి జరిగి, వేలితో చూపించగలిగే నొప్పిగా మారుతుంది. ఆ పొరను కదిలించే ప్రతిదీ, అంటే దగ్గు, తుమ్ము, గతుకుల రోడ్డు మీద ఆటో ప్రయాణం, నొప్పిని పెంచుతుంది కాబట్టి రోగి కదలడు. మూత్రపిండంలో రాయి ఉన్నవాడు నొప్పికి మంచం మీద ఒకచోట ఉండలేక దొర్లుతాడు, పెరిటోనైటిస్ వచ్చినవాడు బిగుసుకొని పడుకుంటాడు. ఈ తేడా ఇంట్లోవాళ్ళు కూడా గుర్తించగలిగినదే.

మీరు అడిగిన మధ్య విరామం గురించి చెబుతాను. పుండు చిల్లుపడగానే జీర్ణాశయంలోని ఆమ్లం ఒక్కసారిగా ఆ పొర మీద పడుతుంది. అప్పటికి క్రిములు పెద్దగా ఉండవు, అది రసాయనం వల్ల కలిగిన మంట, అందుకే నొప్పి అంత హఠాత్తుగా, అంత తీవ్రంగా ఉంటుంది. ఆమ్లం పైకి పాకి ఉదర వితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరను) తాకినప్పుడు భుజంలో నొప్పి తెలుస్తుంది, ఎందుకంటే ఆ రెండింటి నరాలు మెడ దగ్గర ఒకే చోటి నుంచి బయలుదేరుతాయి. కొన్ని గంటలకు పొర తనను తాను కాపాడుకోవడానికి నీరు ఊరుస్తుంది, ఆ నీటితో ఆమ్లం పలచబడి నొప్పి తగ్గుతుంది. రోగి ముఖం కాస్త తేటపడుతుంది, మంచినీళ్ళు అడుగుతాడు. ఆ గంటల్లోనే క్రిములు పెరుగుతాయి. పన్నెండు గంటలు దాటి ఒక రోజు కావస్తుండగా పొట్ట ఉబ్బుతుంది, పేగుల కదలిక ఆగిపోయి గ్యాస్ గానీ మలం గానీ పోదు, వాంతులవుతాయి, జ్వరం వస్తుంది, నాడి వేగం పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. అంత వైశాల్యమున్న పొర నుంచి నీరు ఊరిపోవడం వల్ల రక్తంలోని ద్రవం తగ్గి, చేతులు కాళ్ళు చల్లబడి, మనిషి మగతలోకి జారుకుంటాడు. ఆ దశలో తీసుకువచ్చినవారిని బతికించడం చాలా కష్టం. మధ్యలో నొప్పి తగ్గినప్పుడు కూడా పొట్ట బల్లలా గట్టిగానే ఉంటుందన్నది గుర్తుంచుకోవలసిన విషయం. అయితే వయసు మళ్ళినవారిలో, మధుమేహం ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో ఆ గట్టిదనం, జ్వరం కూడా స్పష్టంగా కనిపించకపోవచ్చు. అటువంటివారి విషయంలో అనుమానం వస్తే చాలు, పరీక్ష చేయించడమే సరైన పని.

మా దగ్గరకు వచ్చే కేసులన్నీ పుండు వల్ల వచ్చినవే కావు. పగిలిన అపెండిక్స్, టైఫాయిడ్ మూడవ వారం నాటికి చిన్నపేగు చివరి భాగంలో పడే చిల్లు, మెలిపడి నల్లబడిన పేగు, రోడ్డు ప్రమాదంలో పొట్టకు తగిలిన దెబ్బ, కాన్పు లేదా గర్భస్రావం తరువాత గర్భాశయం నుంచి పాకిన చీము, ఇవన్నీ ఇక్కడికే దారితీస్తాయి. ఐదేళ్ళలోపు పిల్లలు నొప్పి ఎక్కడో చెప్పలేరు కనుక వారిలో అపెండిక్స్ పగిలిన తరువాతే తెలియడం ఎక్కువ. ప్రసిద్ధ ఇంద్రజాలికుడు హౌడిని 1926లో తీవ్రమైన జ్వరంతోనే డెట్రాయిట్‌లో ప్రదర్శన ఇచ్చి, ఆ తరువాత ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పటికే అపెండిక్స్ పగిలి ఉంది, అక్టోబరు 31న మరణించాడు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా కనుగొనలేదు. ఈనాడు యాంటీబయాటిక్‌లు ఉన్నా, చిల్లు పూడ్చకుండా, చీము కడగకుండా అవి ఒంటరిగా పని చేయవు.

నిర్ధారణకు నిలబెట్టి లేదా కూర్చోబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తాము. ఉదర వితానం కింద గాలి కనిపిస్తే చిల్లు ఉన్నట్లే, కనిపించకపోతే లేదని మాత్రం చెప్పలేము, అప్పుడు సీటీ స్కాన్ అవసరమవుతుంది. ఆసుపత్రికి బయలుదేరే ముందు రోగికి తిండి, నీళ్ళు, మాత్రలు నోటి ద్వారా ఇవ్వకండి, ఎనిమా అసలే వద్దు. ఊళ్ళో ఇంజెక్షన్ వేయించి నొప్పి తగ్గిందని తెల్లవారేదాకా ఆగినవారిని నేను ఎందరినో చూశాను, ఆ రాత్రి విలువ నాకు తెలుసు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

జవాబు: కాలేయ విభాగం వైద్యురాలు, హైదరాబాద్

మీ బాబాయిగారికి వచ్చిందీ పెరిటోనైటిసే, కానీ వచ్చిన దారి వేరు. ఆయన పేగులో ఎక్కడా చిల్లు లేదు. సిర్రోసిస్ వల్ల పొట్టలో చేరిన నీటికి క్రిములను ఎదుర్కొనే శక్తి తక్కువ. పేగులో సహజంగా ఉండే ఈ.కోలై వంటి క్రిములు పేగు గోడను దాటి, రక్తం ద్వారానో లింఫ్ ద్వారానో ఆ నీటిలోకి చేరి అక్కడ పెరుగుతాయి. కోయవలసిందీ కుట్టవలసిందీ ఏదీ లేదు కాబట్టే ఆపరేషన్ అవసరం రాలేదు.

ఇందులో పొట్ట బల్లలా గట్టిపడదు, ఎందుకంటే మధ్యలో ఉన్న నీరు పొరలు రెండింటినీ ఒకదానికొకటి తగలనివ్వదు. కొందరికి కొద్దిపాటి జ్వరం, కొద్దిపాటి నొప్పి ఉంటాయి, కొందరికి అవి కూడా ఉండవు. ఇంట్లోవారికి మొదట కనిపించేది మనిషిలో మార్పు: పగలు నిద్రపోయి రాత్రి మేలుకోవడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పడం, చేతులు చాపితే వణకడం, మూత్రం తగ్గడం, లేదా అంతవరకు మందులకు లొంగుతున్న నీరు హఠాత్తుగా పెరగడం. అందుకే జలోదరం (పొట్టలో నీరు) ఉన్న వ్యక్తి ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా మేము సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకు పంపుతాము. ఒక ఘన మిల్లీమీటరు నీటిలో న్యూట్రోఫిల్ అనే తెల్లరక్త కణాలు 250 గానీ అంతకు మించి గానీ ఉంటే, కల్చర్ (క్రిములను పెంచి గుర్తించే పరీక్ష) ఫలితం కోసం ఎదురుచూడకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతాము. దానితోపాటు మూత్రపిండాలు దెబ్బతినకుండా ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ ఎక్కిస్తాము. అది ఖరీదైనది, అది ఎందుకని బంధువులు తరచుగా అడుగుతారు. ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలాసార్లు మూత్రపిండాల వైఫల్యమే కనుక దానిని మానడం మంచిది కాదు.

ఒకసారి వచ్చినవారికి ఇది మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంటికి పంపేటప్పుడు నార్‌ఫ్లాక్ససిన్ లాంటి మాత్ర రోజూ వేసుకోమని రాసి ఉంటే, బాగానే ఉన్నాడు కదా అని దానిని సొంతంగా ఆపనివ్వకండి. కాలేయ మార్పిడికి తగినవారా కాదా అన్న సలహా కూడా ఈ దశలోనే తీసుకోవాలి. అమ్మగారు వాడిన మోకాళ్ళ నొప్పుల మాత్రలు బాబాయిగారికి ఎవరూ ఇవ్వకుండా చూడండి, సిర్రోసిస్‌లో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మన దేశంలో మరొక రకాన్ని కూడా మరవకూడదు. వారాలు, నెలల తరబడి సాయంత్రం పూట సన్నని జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, నెమ్మదిగా పొట్టలో నీరు చేరడం ఉంటే అది క్షయ వల్ల వచ్చిన పెరిటోనైటిస్ కావచ్చు. దగ్గు లేదు కదా అని క్షయను కొట్టిపారేయకూడదు. మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

జవాబు: ఉద్దానం నుంచి

నేను వైద్యుడిని కాదు. మా నాన్నగారికి మూత్రపిండాలు పని చేయకపోవడంతో ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేస్తున్నాము. రోజుకు నాలుగుసార్లు రెండు లీటర్ల ద్రవం గొట్టం ద్వారా ఎక్కించి, కొన్ని గంటల తరువాత బయటికి తీస్తాము. రక్తాన్ని వడకట్టే పని ఆ పెరిటోనియమే చేస్తుంది. కాబట్టి మా ఇంట్లో ఈ పొరకు వచ్చే ఇన్‌ఫెక్షన్ గురించి రోజూ ఆలోచించక తప్పదు. శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి కనుక రాస్తున్నాను.

మాకు శిక్షణ ఇచ్చిన నర్సు చెప్పినదాని ప్రకారం మొదటి గుర్తు నొప్పి కాదు, బయటికి వచ్చిన ద్రవం రంగు. సంచీని ముద్రించిన కాగితం మీద పెట్టి చూస్తే అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. మసకగా, కలి నీళ్ళలా కనిపిస్తే నొప్పి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇన్‌ఫెక్షన్ అనే భావించి, ఆ సంచీని పారేయకుండా వెంట తీసుకొని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. నాన్నగారికి ఒకసారి అలాగే అయింది. ఉదయం సంచీ మసకబారింది, పొట్ట నొప్పి సాయంత్రానికి గానీ రాలేదు. అప్పటికే యాంటీబయాటిక్‌ను డయాలసిస్ ద్రవంలోనే కలిపి పొట్టలోకి ఎక్కించడం మొదలుపెట్టారు, గొట్టం తీయవలసిన అవసరం రాలేదు. ఐదు రోజుల్లో ద్రవం తేటపడకపోతే గొట్టం తీసేయాలని, ఫంగస్ అని తేలితే వెంటనే తీయాలని డాక్టరుగారు ముందే చెప్పారు.

సంచీ మార్చేటప్పుడు తలుపు వేసి, ఫ్యాను ఆపి, ముఖానికి మాస్కు పెట్టుకొని, సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకున్న తరువాతే గొట్టం ముట్టుకుంటాము. ఎండాకాలంలో ఫ్యాను ఆపడం కష్టమే, అయినా మానలేదు. మలబద్ధకం కూడా ఇన్‌ఫెక్షన్‌కు అవకాశమిస్తుందని చెప్పారు, దాని మందు కూడా క్రమం తప్పకుండా ఇస్తున్నాము.

తిరిగి: కోనసీమవాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. బాబాయి మాత్ర ఆపేశారేమోనని ఇప్పుడే పిన్నికి ఫోన్ చేసి అడిగాను, వేసుకుంటూనే ఉన్నారట. ఇక అమ్మగారి విషయంలో ఇంట్లో మేము ఏమి గమనించాలి? మోకాళ్ళ నొప్పికి ఇప్పుడు ఏమి ఇవ్వాలి?

జవాబు: శస్త్రవైద్యుడు, కర్నూలు

మొదటి వారాల్లో మళ్ళీ జ్వరం రావడం, చలితో వణకడం, ఆకలి పోవడం, వదలని ఎక్కిళ్ళు, విరేచనానికి పదేపదే వెళ్ళాలనిపించడం వంటివి ఉంటే పొట్టలో ఎక్కడో, ముఖ్యంగా ఉదర వితానం కిందో కటి భాగంలోనో, చీము గూడుకట్టి ఉండవచ్చు. అల్ట్రాసౌండ్ లేదా సీటీలో అది తెలుస్తుంది, చాలాసార్లు సూదితో గొట్టం పెట్టి తీసేయవచ్చు. కుట్ల దగ్గర ఎర్రబడినా, రసి కారినా చూపించండి. నెలల తరువాత గానీ ఏళ్ళ తరువాత గానీ, మెలిపెట్టే నొప్పితో పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ పోకపోతే లోపల పేగులు అతుక్కొని అడ్డుపడినట్లు అనుమానించాలి. అప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు తప్పక తీసుకువెళ్ళండి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మాత్రలు ఆమెకు ఇక ఇవ్వకండి. షాపులో నొప్పి మాత్ర అని అడిగితే సాధారణంగా ఇచ్చేవి అవే, పారాసిటమాల్‌తో కలిపిన మాత్రలో కూడా అవి ఉంటాయి కనుక అట్ట మీద పేరు చదవండి. విడిగా పారాసిటమాల్ తగిన మోతాదులో వాడవచ్చు, పైపూత మందులు, తొడ కండరాలకు వ్యాయామం కూడా ఉపయోగపడతాయి. పుండుకు మరో ముఖ్య కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ క్రిమికి పరీక్ష జరిగిందో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. జరగకపోతే, యాంటీబయాటిక్ ఆపిన నాలుగు వారాలకు, ఆమ్లం తగ్గించే మాత్రను రెండు వారాలు ఆపిన తరువాత చేయిస్తేనే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. అయితే ఆ మాత్రను ఎప్పుడు ఆపాలన్నది ఆపరేషన్ చేసిన డాక్టరుగారినే అడిగి నిర్ణయించండి.