దికెలెది కథను ప్రేమకథ అనవచ్చునా?

తుంగభద్ర: రచయిత్రి బెస్సీ హెడ్ 1977లో వెలువరించిన బోట్స్వానా పల్లెకథల సంపుటిలోని ‘ద కలెక్టర్ ఆఫ్ ట్రెజర్స్’ను ప్రేమకథల కోవలో చేర్చడం నాకు మింగుడుపడటం లేదు. వదిలేసి వెళ్లిన భర్త గరెసెగో ఏళ్ల తరువాత తిరిగివస్తే, అతని మర్మాంగాన్ని వంటింటి కత్తితో కోసి చంపి, యావజ్జీవ శిక్ష పడిన దికెలెది కథ అది. మగవాడు దుర్మార్గుడు, ఆడది బాధితురాలు అన్న తీర్పు తప్ప అందులో ప్రేమ ఎక్కడుంది?

నేరేడుకొమ్మ: తుంగభద్ర గారూ, ఖైదీని తీసుకువెళ్లే పోలీసు బండితో కథ మొదలవుతుంది కనుక మన చూపు హత్య మీదే నిలిచిపోతుంది గాని, నన్ను ఆపినవి దికెలెది చేతులు. కుట్టుపని, అల్లిక, ఇంటికి గడ్డి కప్పడం అన్నీ ఆ చేతులకు వచ్చు. ఆమె కప్పిన కప్పు కారదని ఊళ్లో పేరు. బోట్స్వానా భాష సెత్స్వానాలో కన్నీళ్లు అనే అర్థమున్న పేరు పెట్టుకున్న ఈ మనిషి, బూడిదలాంటి ఒంటరి బతుకులో కూడా ఎదుటివారి ఆప్యాయతను బంగారంలా ఏరి దాచుకుంటుంది. శీర్షికలోని నిధులు అవే. పక్కింటి కెనలెపెతో ఆమె చెలిమిని రచయిత్రి ఎంత ఓపికగా చెప్పిందో మరొక్కసారి చదవండి. ఇక మగవాళ్ల సంగతి: పూర్వీకుల కట్టుబాట్లు, వలసపాలనలో దక్షిణాఫ్రికా గనులకు పోయిన వలస, 1966లో వచ్చిన స్వాతంత్ర్యం, ఈ మూడు దశలూ మగవాణ్ణి ఎలా డొల్ల చేశాయో రచయిత్రి కారణాలతో సహా చెప్పింది. దాన్ని నింద అనడం అన్యాయం.

తుంగభద్ర: కారణాలు చెప్పిందని ఒప్పుకుంటాను. అయితే కెనలెపె భర్త పాల్ తెబోలో మరీ మచ్చలేనివాడు. గరెసెగోకు ఎదురుగా నిలబెట్టడానికి చెక్కిన బొమ్మలా అనిపిస్తాడు.

నేరేడుకొమ్మ: ఆ లోపం ఉన్నమాట నిజమే, పాల్‌లో నాకూ రక్తమాంసాలు తక్కువగానే కనిపించాయి. ఆఫ్రికా రచయిత్రులు ప్రేమను భార్యాభర్తల మధ్యే వెతకరన్నది మాత్రం మరువరాదు. ఆఫ్రికా కథలకిచ్చే కేన్ బహుమతిని 2007లో పొందిన మోనికా అరాక్ డి న్యెకో కథ ‘జంబులా ట్రీ’లో ఉగాండా రాజధాని కంపాలాకు చెందిన ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు ప్రేమించుకుంటారు, ఆ జంబులా మన నేరేడే. దికెలెది విషయానికి వస్తే, పెద్దకొడుకు హైస్కూలు ఫీజు కోసమే ఆమె గరెసెగో ముందు చేయి చాచింది. అతడు డబ్బు మాట దాటవేసి, పాల్‌తో ఆమెకు సంబంధం అంటగట్టి, పడకకు వస్తానన్నాడు. హత్య జరిగిన రాత్రి పాల్ వచ్చి, పిల్లలను తాను పెంచి హైస్కూలు చదువు చెప్పిస్తానని ఆమెకు మాట ఇస్తాడు. ప్రేమ ఎక్కడుందని అడిగారు కదా, నాకు ఆ మాటలో కనిపించింది.