షేక్‌స్పియర్ కాలపు నాటక బృందాలకు రాజాశ్రయం అంటే పోషణా, రక్షణా?

ప్రశ్న:
రాజాశ్రయం అనగానే మనకు భువనవిజయం, అగ్రహారాలు, గండపెండేరం గుర్తుకు వస్తాయి. మొదటి ఎలిజబెత్, మొదటి జేమ్స్ ఏలిన కాలపు లండను గురించి చదువుతున్నప్పుడు మాత్రం ఆ చిత్రం కుదరడం లేదు. షేక్‌స్పియర్ ఉన్న బృందం పేరే ‘రాజుగారి బృందం’. అయినా ఆ నటులు థేమ్స్ దక్షిణపు ఒడ్డున గ్లోబ్ నాటకశాలలో, నిలబడి చూసేవారి దగ్గర తలకొక పెన్నీ వసూలు చేసి ఆడుతూనే వచ్చారు. మరి రాజు వారికి ఇచ్చినదేమిటి? నాటకం రాసినవానికి దక్కినదేమిటి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ముందుగా 1572 నాటి చట్టాన్ని చూడాలి. ఊరూరా తిరిగి ఆటలాడే నటులు కనీసం బారన్ హోదా గల ప్రభువుకు చెందినవారు కాకపోతే, వారిని దేశద్రిమ్మరులుగా పట్టుకొని కొరడాలతో కొట్టించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. కాబట్టి ప్రభువు పేరు నటుడికి బిరుదు కాదు, ఒంటిని కాపాడే కవచం. 1574లో లెస్టర్ ప్రభువు బృందానికి రాణి స్వయంగా రాజముద్రతో అనుమతి పత్రం ఇచ్చింది. అందులో పేరున్న జేమ్స్ బర్బేజ్ రెండేళ్లకే, 1576లో, లండను నగర పాలకుల అధికారం చెల్లని షోర్‌డిచ్‌లో నాటకశాల కట్టించాడు. జనం గుమిగూడితే ప్లేగు వ్యాపిస్తుందని, పని నేర్చుకునే కుర్రవాళ్లు పని మానేసి ఆటలకు పోతారని నగర పాలకులు ఎప్పుడూ ఫిర్యాదు చేసేవారు. రాణి వినోదం కోసం నటులకు సాధన ఉండాలి, జనం ముందు ఆడితేనే ఆ సాధన కుదురుతుంది అని రాణిగారి మంత్రాంగం వారికి జవాబు చెప్పేది. చలికాలంలో ఆస్థానంలో జరిగే కొద్దిపాటి ప్రదర్శనల పేరు మీద ఏడాది పొడవునా సాగే వ్యాపారం మొత్తం నిలబడిందన్న మాట.

జేమ్స్ రాజు 1603లో లండను చేరిన రెండు వారాలలోపే, మే 19న, షేక్‌స్పియర్ బృందాన్ని తన పేరు కిందికి తీసుకున్నాడు. ఆ పత్రంలో తొమ్మిదిమంది పేర్లు ఉన్నాయి. మరుసటి ఏడాది రాజు నగర ప్రవేశానికి వారికి తలకు నాలుగున్నర గజాల ఎర్రబట్ట ఇచ్చారు. చూడటానికి చిన్న కానుకే గాని, ఆ బట్ట వేసుకున్నవాడిని ద్రిమ్మరి అనే ధైర్యం ఇంకెవరికీ ఉండదు.

రెండవ సమాధానం:
పై సమాధానంతో ఏకీభవిస్తూ డబ్బు సంగతి చేరుస్తాను. ఆస్థానంలో ఒక నాటకానికి ఎలిజబెత్ కాలంలో మామూలుగా ముట్టేది, బహుమానంతో కలిపి, 10 పౌండ్లు. 1594 క్రిస్మస్ ప్రదర్శనలు రెండింటికి బృందంలోని నటులు కెంప్, షేక్‌స్పియర్, రిచర్డ్ బర్బేజ్‌ల పేరిట 20 పౌండ్లు చెల్లించినట్లు 1595 మార్చి నాటి ఖజానా లెక్క ఉంది. 1603లో ప్లేగు వల్ల నాటకశాలలు మూతపడినప్పుడు బృందం నిలదొక్కుకోవడానికి జేమ్స్ 30 పౌండ్లు ఇప్పించాడు. అది ఆదుకున్న సాయమే, కాని దానితో ఒక బృందం ఏడాది గడవదు. అసలు తిండి పెట్టినది ఆ పెన్నీలే.

నాటకకర్త స్థితి ఇంకా వేరు. 1590ల చివరలో, నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో రాసుకున్న లెక్కల పుస్తకం ప్రకారం ఒక కొత్త నాటకానికి సుమారు 6 పౌండ్లు దక్కేవి. ఆ తరువాత రాతప్రతి బృందానిదే, ఎన్నిసార్లు ఆడినా సాధారణంగా రాసినవాడికి హక్కు లేదు. షేక్‌స్పియర్ సంపన్నుడు కావడానికి ప్రధాన కారణం అతడు బృందంలోనూ, గ్లోబ్‌లోనూ వాటాదారు కావడమే. మన అర్థంలో ఆస్థానకవికి దగ్గరగా వచ్చినవాడు మరో నాటకకర్త బెన్ జాన్సన్. జేమ్స్ భార్య రాణి అన్, ఆమె చెలికత్తెలు స్వయంగా వేషాలు కట్టిన 1605 నాటి ‘మాస్క్ ఆఫ్ బ్లాక్‌నెస్’ వంటి ఆస్థాన వినోదాలను రాసినది అతడే. 1616లో జేమ్స్ అతనికి ఏటా 100 మార్కుల (సుమారు 67 పౌండ్ల) భరణం ఏర్పాటు చేయగా, 1630లో అతని కొడుకు చార్లెస్ రాజు దానిని 100 పౌండ్లకు పెంచి, ఏటా ఒక పీపా కెనరీ ద్రాక్షసారాను కూడా చేర్చాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే రాజు నీడన ఉన్నవారికి రాజును విమర్శించే వీలు ఉండేదా?

మూడవ సమాధానం:
చాలా తక్కువ. ఆస్థాన వినోదాల అధికారి ఎడ్మండ్ టిల్నీకి 1581లో నాటకాలన్నిటినీ ముందుగా చూసి, దిద్ది, అవసరమైతే ఆపివేసే అధికారం లభించింది. ఆశ్రయమూ అదుపూ ఒకే కార్యాలయం నుండి వచ్చేవి. జేమ్స్ రాజు స్వదేశమైన స్కాట్‌లండు వారిని ఎత్తిపొడిచిన ‘ఈస్ట్‌వర్డ్ హో’ నాటకం వల్ల 1605లో దానిని రాసినవారిలో జాన్సన్, చాప్‌మన్ చెరసాలకు వెళ్లారు.

అయినా ఆ నీడ కాపాడిన సందర్భం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. 1601 ఫిబ్రవరి 7న ఎసెక్స్ ప్రభువు అనుచరులు మామూలు కన్నా 40 షిల్లింగులు (రెండు పౌండ్లు) ఎక్కువ ఇచ్చి, రాజును గద్దె దింపే రెండవ రిచర్డ్ కథను షేక్‌స్పియర్ బృందంచేత గ్లోబ్‌లో ఆడించారు. మర్నాడే ఎసెక్స్ ఎలిజబెత్ రాణిపై తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. నటులలో ఒకడైన అగస్టీన్ ఫిలిప్స్‌ను పిలిచి విచారించారే గాని ఎవరినీ శిక్షించలేదు. పైగా ఎసెక్స్ తల నరకడానికి ముందురోజు, ఫిబ్రవరి 24న, అదే బృందం రాణి ఎదుట నాటకం ఆడింది.

ఆ నీడ తొలగినప్పుడు ఏమైందో కూడా చెప్పాలి. రాజుతో అంతర్యుద్ధం మొదలైన 1642 సెప్టెంబరులో పార్లమెంటు నాటకశాలలను మూయించింది. 1648లో మరో శాసనం, రాజు ఇచ్చిన అనుమతి పత్రం చేతిలో ఉన్నా సరే, నటులందరినీ ద్రిమ్మరులుగానే ఎంచాలని ప్రకటించింది. 1572 చట్టంలోని మాటే అది.