పాకలో పాము కుబుసం కనబడింది, ఏం చేయాలి?

కాశీనగర్ రైతు:
మాది ఒడిశాలో వంశధార దగ్గర పల్లె. పెరట్లో రేకుల పాక ఉంది. మోటారు సామాన్లు, తవుడు బస్తాలు, పాత పెంకులు అన్నీ అందులోనే. మొన్న పార కోసం వెళ్తే పెంకుల మీద మూరెడున్నర కుబుసం. పాము కనబడలేదు. వెల్లుల్లి నీళ్లు చల్లమని ఒకరు, ఫినాయిలు పొయ్యమని ఇంకొకరు. మా అమ్మ వరండాలో చాప మీద పడుకుంటుంది, అదే నా టెన్షన్.

గుణుపురం బాబాయి:
వెల్లుల్లి పచ్చడికి ఉంచుకో. నేను రెండు సీసాల ఫినాయిలు పోశాను, వారం తిరక్కుండా అదే గడప మీద జెర్రిపోతు పడుకుంది. పాము ఎలకల కోసం వస్తుంది, ఎలకలు నీ తవుడు కోసం. తవుడు మూత ఉన్న డ్రమ్ములోకి ఎత్తు. పెంకులు నేల మీద వద్దు, ఇటుకలు పేర్చి చెక్క వేసి దాని మీద పెట్టు, కింద ఖాళీ కనబడాలి. తలుపు కింద సందుకి నేను పాత సైకిల్ ట్యూబు కోసి మేకులు కొట్టాను. చూడ్డానికి బాగోదు, పనికొస్తోంది.

సర్దడం పట్టపగలే. బూట్లేసుకో. పెంకుల కింద వేళ్లు పెట్టకు, పారతో అవతలి అంచు నీ వైపుకి లేపు. కింద ఏదైనా ఉంటే పెంకే అడ్డం ఉంటుంది.

కాశీనగర్ రైతు:
కుబుసం మీద వీపు మధ్యన ఒక వరుస పొలుసులు పెద్దవిగా, ఆరు పలకలుగా ఉన్నాయి బాబాయ్.

బరంపురం నర్సు:
కట్లపాముకి అలాగే ఉంటాయండి, ఇక్కడ చితి అంటారు. చెట్లెక్కే కొన్ని పాములకీ ఉంటాయి కాబట్టి ఖాయంగా చెప్పలేం, కానీ కట్లపామే అనుకోండి. అది రాత్రిళ్లు తిరుగుతుంది. కింద పడుకున్నవాళ్లని కరిస్తే చాలాసార్లు నొప్పీ వాపూ ఉండవు. తెల్లారి కడుపునొప్పి అంటారు, గ్యాస్ అనుకుంటాం, ఆలోపు కనురెప్పలు వాలిపోతాయి. అమ్మగారిని మంచం మీద పడుకోబెట్టండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కరిచిందని అనుమానమొస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, మంత్రమని ఆగొద్దు. కదలనివ్వకుండా, విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి. ఒడిశాలో పాముకాటు 2015 నుంచి రాష్ట్ర విపత్తు కింద లెక్క. చనిపోతే 4 లక్షలు ఇస్తారు, అయితే పోస్ట్‌మార్టం కాగితం ఉండాలి. ఆ కాగితం అడగాల్సిన అవసరం మీకు రాకూడదు.

గుణుపురం బాబాయి:
మంచం ఈ రాత్రికే వెయ్యిరా.

కాశీనగర్ రైతు:
నవారు మంచం ఉంది బాబాయ్. పాకలోనే, ఆ పెంకుల వెనకాల.