షుగర్ ఉంది, కొలెస్ట్రాల్ నార్మల్. అయినా స్టాటిన్ వేసుకోవాలా?

గోదారిగట్టు:
మా నాన్నకి 58. షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళు. బీపీ, గుండె జబ్బు లేవు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 96. డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 10 రాశారు. "రిపోర్టులో నార్మల్ అని ఉంటే కొవ్వు మాత్ర ఎందుకురా" అని నాన్న చీటీ మడిచి జేబులో పెట్టేశారు. ఏం చేయమంటారు?

కరివేపాకు:
నాన్నగారిదే రైటు. మొదలుపెడితే జన్మంతా మింగాలి. పైగా స్టాటిన్ షుగర్ పెంచుతుందని డాక్టర్లే ఒప్పుకుంటారు.

మందులకొట్టు_మామ:
కాస్త పెంచేమాట నిజమే. కానీ షుగర్ ఉన్నవాళ్ళని ఎక్కువగా తీసుకుపోయేది గుండె, మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం. రక్తనాళం లోపలి గోడ దెబ్బతిని ఉంటుంది కాబట్టి, మామూలు ఎల్‌డీఎల్ కూడా అక్కడ పేరుకుంటుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో కార్డ్స్ అని ఒక పరిశోధన జరిగింది. గుండె జబ్బు లేని 2838 మంది, అందరికీ టైప్ 2 షుగరే, కొలెస్ట్రాల్ మరీ ఎక్కువ లేదు. కొందరికి ఇదే 10 మిల్లీగ్రాముల మాత్ర, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. 2004లో ఫలితాలొచ్చాయి. అనుకున్నదానికంటే రెండేళ్ళ ముందే ఆపేశారు, తేడా అంత స్పష్టంగా కనబడింది మరి.

కరివేపాకు:
శాతాలతో భయపెట్టకండి మామా. అదే లెక్క ఇంకోలా చెబితే, వెయ్యి మంది నాలుగేళ్ళు మింగితే తప్పేవి 37. ఇంకోటి, అందులో చేరడానికి షుగర్ ఒక్కటే చాలదు. బీపీ, సిగరెట్, కంటి లోపలి రెటీనా పొర దెబ్బతినడం, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం, వీటిలో ఒక్కటైనా ఉండాలి. వీళ్ళ నాన్నకి బీపీ లేదంటున్నారుగా!

ఇడ్లీపొడి:
మా ఆయన స్టాటిన్ వద్దని, ఎవరో చెప్పారని రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. అది చాలదా అండీ?

మందులకొట్టు_మామ:
అమ్మా, ఆస్పిరిన్ సొంతంగా వద్దు. షుగర్ వాళ్ళకి ఆస్పిరిన్ ఇచ్చి చూసిన అసెండ్ అనే పరిశోధన ఉంది, 2018లో వచ్చిన దాని ఫలితాల్లో గుండెపోటు లాంటివి 12 శాతం తగ్గితే, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. డాక్టరుకి చెప్పండి.
కరివేపాకూ, నీ పాయింటు ఒప్పుకుంటా. కానీ నాలుగేళ్ళలో 27 మందికి ఒకటి తప్పడం నాకు చిన్న లెక్కలా లేదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అయితే 40 దాటిన షుగర్ వాళ్ళకి స్టాటిన్ ఇమ్మనే అంటుంది. గోదారిగట్టు, బీపీ సరే, మిగతా మూడూ చూపించారా?

గోదారిగట్టు:
మూత్రం టెస్టు ఎప్పుడూ చేయించలేదు. కళ్ళు చూపించి మూడేళ్ళయింది. సిగరెట్ సంగతి అడక్కండి, రాత్రి భోంచేశాక మేడమీదికి ఎందుకెళ్తారో అమ్మకి తెలుసు.