పర్‌స్పెక్టివ్‌లో టైల్స్ గీతల దూరం ఎలా లెక్కపెట్టాలి?

మాది పర్లాకిమిడి, బరంపురంలో బీఎఫ్ఏ మొదటి సంవత్సరం. అందరికీ ఉండే లెక్కల పేపర్‌లో, దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించేలా (పర్‌స్పెక్టివ్) నేల టైల్స్ అడ్డగీతలు గీసే ఈ ప్రశ్న ఇచ్చారు. ప్లస్ టూ ఆర్ట్స్, లెక్కలు టెన్త్‌తోనే వదిలేశాను.

కంటి ఎత్తు 150 సెం.మీ., బొమ్మ తలం (కంటి ముందు అద్దంలా నిలబెట్టినట్టు ఊహించుకునే కాగితం) కంటికి 200 సెం.మీ. దూరంలో. 50 సెం.మీ. చదరపు టైల్స్ అక్కడి నుంచే మొదలు. స్కేలు పదో వంతు కాబట్టి మొదటి గీత హొరైజన్‌కి (కంటి ఎత్తులో ఉండే గీతకి) 15 సెం.మీ. కింద పడింది. తర్వాతి రెండు గీతలు సారే బోర్డు మీద వేశారు: హొరైజన్‌కి 12, 10 సెం.మీ. కింద. అంటే గీతల మధ్య ఎడాలు 3, 2.

మిగతా ఎడాలు ఒక్కోటీ ముందుదాంట్లో మూడింట రెండు వంతులు ఉండేలా తగ్గించుకుంటూ పోయాను. నాలుగో గీత దాకా బాగానే కనిపించింది. అయిదో గీత దగ్గర డయాగనల్ (టైల్స్ మూలలు కలిపే ఏటవాలు గీత, తిన్నగా రావాలి) మీద స్కేలు పెడితే సందులోంచి తెల్ల కాగితం కనిపిస్తోంది. పైగా ఎన్ని గీసినా నేల హొరైజన్‌కి 6 సెం.మీ. కిందే ఆగిపోతోంది! మూడింట రెండు వంతుల బదులు 0.7 పెట్టాను, 5 దగ్గర ఆగింది. 0.8 పెడితే హొరైజన్ దాకా వెళ్తుంది గానీ డయాగనల్ మొదట్లోనే వంకర.

ఒడియా నోట్స్‌లో డయాగనల్ పద్ధతి మాత్రమే ఉంది, సారుకి లెక్క కావాలట. ఎన్నో గీతైనా హొరైజన్‌కి ఎంత కింద పడుతుందో నేరుగా చెప్పే సూత్రం ఏమిటి?