ఫోటోషాప్‌లో చేసిన స్క్రాప్‌బుక్ టెంప్లేట్ గింప్‌లో తెరిస్తే ఫొటో ఫ్రేమ్‌లో ఇమడట్లేదు

ఫోటోషాప్‌లో 12×12 అంగుళాలు, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే మొత్తం 3600×3600 పిక్సెళ్లు) సైజులో లేయర్డ్ (పొరలు పొరలుగా ఉండే) స్క్రాప్‌బుక్ టెంప్లేట్లు చేస్తున్నాను. పేజీకి అయిదు ఫొటో గడులు, ఒక్కోటి ఒక్కో బూడిదరంగు లేయర్. నా దగ్గర ఫొటోని ఆ గడి మీద పెట్టి క్లిప్పింగ్ మాస్క్ (పై ఫొటోని కింది లేయర్ ఆకారం మేరకే చూపించేది) వేస్తే చాలు, చక్కగా కూర్చుంటుంది. ఇవి వాడాల్సింది మా వదిన. ఆవిడ దగ్గరున్నది గింప్ 2.10 (ఉచితంగా దొరికే ఫొటో ఎడిటర్).

అదే పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) అక్కడ తెరిస్తే ఫొటో గడి దాటి పేజీ మీదంతా పరుచుకుంటోంది. డ్రాప్ షాడోలు కూడా మాయం. షాడోల సంగతి తేల్చుకున్నాను: ఫోటోషాప్‌లో క్రియేట్ లేయర్స్ కొట్టి విడి లేయర్లుగా మార్చాక అవి బాగానే వస్తున్నాయి.

ఫొటో దగ్గరే ఆగిపోయాను. క్లిప్పింగ్ తీసేసి, నమూనా ఫొటోకి లేయర్ మాస్క్ (ఆ ఒక్క లేయర్‌లో ఏ భాగం కనపడాలో చెప్పేది) వేసి పంపాను. మాస్క్ అయితే వచ్చింది, కానీ వదిన తన ఫొటోని కొత్త లేయర్‌గా తెస్తే దానికి మాస్క్ ఉండదు కదా! బూడిదరంగు లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ (లేయర్ ఆకారాన్ని సెలెక్ట్ చేసే ఆప్షన్) చేసి, ఆ సెలెక్షన్‌తో కొత్త ఫొటోకి మాస్క్ వేస్తే పని అవుతోంది. కాకపోతే 20 పేజీలు, పేజీకి అయిదు గడులు. పైగా 4 డిగ్రీలు వంచిన గడిలో ఫొటోని కాస్త జరిపితే మాస్క్ కూడా దాంతోపాటే జరుగుతోంది.

గింప్ 2.10లో కొత్త ఫొటోని గడి లేయర్ మీద పెట్టగానే దానంతటదే ఆ ఆకారానికి కత్తిరించుకుని, లోపల అటూఇటూ జరుపుకునేలా టెంప్లేట్ ఎలా కట్టాలి?