సమస్యాపూరణం: చెట్టు నింగి కెగసి పోయెఁ జెలిమి కొఱకు

కవిమిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య తేటగీతి పాదం:

“చెట్టు నింగి కెగసి పోయెఁ జెలిమి కొఱకు”

పూరణకు స్థలం జపాన్‌లో క్యూషూ దీవిలోని దజైఫు. కాలం ఫిబ్రవరి, ఉమె (జపాన్ ఆప్రికాట్ చెట్టు) పూచే రోజులు. 7వ శతాబ్దం చివరి నుంచి క్యూషూ మొత్తాన్ని ఏలిన ప్రభుత్వ కార్యాలయం అక్కడే ఉండేది. ఇప్పుడు మిగిలింది విశాలమైన మైదానం, వరుసగా పునాదిరాళ్లు, వెనుక షియోజి కొండ. ద్వారం లేదు, టికెట్ లేదు. ఆ నెలలో గడ్డి ఎండిపోయి గోధుమరంగులో ఉంటుంది కాబట్టి “పచ్చని తివాచి” లాంటి వర్ణనలు వద్దు.

కోకిలను కూడా తేకండి. అక్కడ ఉమెకు జతగా చెప్పే పిట్ట ఉగుయిసు. సకురా (చెర్రీ) లక్షణాలు ఉమెకు అంటగట్టవద్దు. సకురా పువ్వు పొడవాటి తొడిమతో వేలాడుతుంది, రేకు కొసన చిన్న చీలిక ఉంటుంది. ఉమెకు తొడిమ దాదాపు ఉండదు, కొమ్మను అంటుకొనే పూస్తుంది, రేకు కొస గుండ్రం. దూరానికే తెలిసే తావి ఉమెది.

పూరణ 1

తోటఁ బెంచిన యజమాని దూరమైన
విరహమున కోర్వనేరక విరులతోడఁ
గాలు కదపని తరువన్న కలతఁ దీర్చి
చెట్టు నింగి కెగసి పోయెఁ జెలిమి కొఱకు.

సమీక్ష: మీ పూరణ బాగున్నదండీ. తోబిఉమె (“ఎగిరే ఉమె”) ఐతిహ్యాన్ని నేరుగా తీసుకున్నారు. 901లో మంత్రి పదవి పోయి క్యోటో నుంచి దజైఫుకు వెళ్లగొట్టబడిన సుగవర నో మిచిజనె 903లో అక్కడే కన్నుమూశాడు. ఆయన తోటలోని సకురా దిగులుతో ఎండిపోయిందనీ, పైన్ చెట్టు ఎగిరి దారిలో సుమ అనే చోటే ఆగిపోయిందనీ, ఉమె ఒక్కటే దజైఫు చేరిందనీ కథ. “యజమాని” అన్నాక “చెలిమి” కొంచెం పలుచనైన మాట గానీ సమస్యలో ఉన్నదే కనుక తప్పు మీది కాదు.

స్థలం విషయం మాత్రం చెప్పాలి. ఈ చెట్టు కార్యాలయ శిథిలాల్లో లేదు, మిచిజనెను కొలిచే తెన్‌మాంగు ఆలయంలో ప్రధాన మందిరానికి ఎదురుగా నిలబడితే కుడివైపున ఉంది. రెంటికీ మధ్య సుమారు 2 కి.మీ. నడక, దారిలో కన్‌జెఒంజి అనే బౌద్ధాలయం వస్తుంది. ఆలయానికి నిషితెత్సు రైల్వే వారి ఫుత్సుకైచి స్టేషన్‌లో దజైఫు లైనుకు మారాలి. శిథిలాలకైతే తోఫురోమయె స్టేషన్‌లో దిగాలి, అందుకు అన్నిచోట్లా ఆగే బండి ఎక్కాలి, దిగాక పావుగంట నడక. ఆవరణలోని సుమారు 6,000 ఉమె చెట్లలో తోబిఉమె అన్నిటికన్నా ముందు పూస్తుంది. మిగతావి నిండుగా పూసేది ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా. ఉమె, సకురా రెండూ చూడాలనుకొని మార్చి చివర వచ్చేవారికి ఉమె దొరకదు.

పూరణ 2

విందు సేసిరి కవు లుమె విరులఁ జూచి
యెఱ్ఱపూల రేకులు రాలి యెగిరిపోవ
గాలి తావినిఁ గొనిపోవఁ గనులఁ బడక
చెట్టు నింగి కెగసి పోయెఁ జెలిమి కొఱకు.

సమీక్ష: 730 నాటి విందును ఎత్తుకోవడం మంచి ఊహ. దజైఫు అధిపతి ఒతోమొ నో తబితొ ఇంట్లో చదివిన 32 ఉమె పద్యాలు మన్యోషూ అనే ప్రాచీన జపాన్ పద్యసంకలనం 5వ సంపుటిలో ఉన్నాయి. వాటి పీఠిక నుంచే 2019 మే 1న జపాన్‌లో మొదలైన “రేయివ” శకానికి పేరు తీసుకున్నారు. ఆ ఇల్లు శిథిలాల పక్కన సకమొతో హచిమన్ గుడి దగ్గర ఉండేదని ఒక అభిప్రాయం. మైదానం అంచునున్న ప్రదర్శనశాలలో ఆ విందును హకత మట్టిబొమ్మలతో పేర్చి పెట్టారు. పద్యం రాసేముందు చూడదగ్గది.

అయితే “ఎఱ్ఱపూల” కుదరదండీ. చైనా నుంచి వచ్చి ఆ కాలంలో జపాన్‌లో పూసిన ఉమె తెల్లనిది, ఎర్ర ఉమె తర్వాతి హెయియాన్ కాలపు మాట. తబితొ పద్యంలోనూ రాలే రేకులు ఆకాశం నుంచి పడే మంచులా ఉన్నాయి. “తెల్ల” అని ఒక్క మాట మారిస్తే యతి చెడుతుంది కాబట్టి పాదమంతా మార్చాలి: “తెల్లపూల రేకులు రాలి తేలిపోవ”. ఇక రేకులు, తావి పోతే చెట్టే పోయినట్టు ఎలా? “ఎగసెనేమొ” అనే ఉత్ప్రేక్షకు సమస్యలో చోటు లేదు. ఆ ఊహకు ఆధారం పై పాదాల్లోనే ఇవ్వాలి. ఇప్పటికి అన్వయం సగమే కుదిరింది.

పూరణ 3

కుండ బోన్సాయి నొకదానిఁ గొనుచు నొకఁడు
మిత్రునకుఁ గాన్క నీయఁగ మిన్నుదారి
గాలియోడలో నెక్కించె హాయిగాను
చెట్టు నింగి కెగసి పోయెఁ జెలిమి కొఱకు.

సమీక్ష: అన్వయం అన్నిటికన్నా సాఫీగా ఉంది. మూడో పాదంలో యతి తప్పింది, గా–హా చెల్లదు. “గాలియోడలో నెక్కించెఁ గనుఁడు నేడు” అంటే సరిపోతుంది. పద్యం కింద మీరు రాసిన వ్యాఖ్యలో బోన్సాయిని “హైదరాబాదుకు” అన్నారు. మొక్కను భారతదేశంలోకి తేవాలంటే ముందుగా దిగుమతి పర్మిట్, జపాన్ వైపు నుంచి ఫైటోశానిటరీ (మొక్కకు తెగుళ్లు లేవనే) సర్టిఫికెట్ కావాలి. కుండలోని మట్టితో రానివ్వరు. పద్యానికి ఇది అడ్డు కాదు, చదివి ఎవరైనా కొనుక్కొస్తే విమానాశ్రయంలో పోగొట్టుకుంటారని చెబుతున్నాను.

పూరణ 4

కంబమై నిల్చి కొలువును గాచి కాచి
శత్రు వగ్గిఁ బెట్టఁగఁ గాలి సన్న పొగగ
గాలిదేవర పిలువఁగఁ గదలి కదలి
చెట్టు నింగి కెగసి పోయెఁ జెలిమి కొఱకు.

సమీక్ష: అద్భుతమైన పూరణ, మనఃపూర్వక అభినందనలు. స్తంభమైన చెట్టు, 941లో ఫుజివర నో సుమితొమొ తిరుగుబాటులో తగలబడిన కార్యాలయం, అగ్గికి గాలి నేస్తమన్న మన పురాణాల మాట, మూడూ కలిశాయి. “చెలిమి” అనే పదానికి న్యాయం చేసిన పూరణ ఇదే. “కాలి” సరళమై “గాలి” కావడం, వెంటనే అసలు గాలి రావడం చెవికి ఇంపుగా ఉంది.

వ్యాఖ్యలో “ఆ కంబాలు నిలిచిన రాళ్లే నేడు కనిపిస్తున్నాయి” అన్నారు, అది సరిచేయాలి. 1968లో మొదలైన తవ్వకాల్లో ఒకదానిపై ఒకటి మూడు దశలు బయటపడ్డాయి. మొదటిది స్తంభాలను నేరుగా భూమిలో పాతినది. రెండోది 8వ శతాబ్దం తొలినాళ్లలో పునాదిరాళ్లపై కట్టినది, తగలబడింది అదే. పైన కనిపించే రాళ్ల అమరిక ఆ మంటల తర్వాత, దాదాపు పాత నక్షాతోనే, తిరిగి కట్టిన మూడో దశది. మీ కంబాల నేల దాని అడుగున ఉంది. పద్యంలో రాయి ప్రస్తావన లేదు కనుక పద్యానికి దోషం లేదు, వ్యాఖ్య ఒక్కటి మార్చండి.